బోసి చెవుల తీర్పు

అట్టపెట్టె మీది టేపును కోటేశ్వరరావు బండి తాళంచెవితో పరపరా కోసి, లోపలున్న రెండు హెడ్‌ఫోన్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నరసరావుపేటలో కోర్టుకు పోయే రోడ్డు మీద, మేడపైన ఉన్న ఆ హాల్లో ఆడవాళ్ళందరూ చేతిలో పని ఆపి అటే చూశారు. కొత్త సామాను వచ్చిందంటే ఆఫీసైనా అత్తగారిల్లైనా ఒకటే సంబరం.

వాళ్ళ పని వినడం. పత్తికి పురుగు పట్టిందనో, మిరపకు నల్లి తగిలిందనో రైతులు ఒక పురుగుమందుల కంపెనీకి ఫోన్లు చేస్తారు. ఆ మాటలు రికార్డయి ఇక్కడికి వస్తాయి. అవి వింటూ, రైతు ఏ ఊరివాడు, ఏ పంట వేశాడు, ఏం బాధ చెప్పుకున్నాడు అన్నది కంప్యూటర్లో టైపు చేసి పంపాలి. తప్పులు దొర్లితే కంపెనీవాళ్ళు ఊరుకోరు. పొద్దున వచ్చి చెవులు మూసుకుంటే మళ్ళీ సాయంత్రం బస్సు వేళకే తెరవడం. పాత హెడ్‌ఫోన్ల మెత్తల మీద రెక్సిను పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. రోహిణి కార్తెలో అవి పెట్టుకోవడమంటే వేడన్నం మూట చెవులకు కట్టుకోవడమే.

వచ్చిన రెండూ చవక రకాలే. ఒకటి నల్లగా, గుండ్రంగా, అన్ని వైపులా మూసుకుపోయి ఉంది. రెండోది పెద్దది. దాని గిన్నెలకు వెనకవైపు మూత లేదు, సన్నటి జాలీ ఉంది. చెవి చుట్టూ ఆనేచోట రెక్సిను బదులు మెత్తటి బొచ్చుగుడ్డ ఉంది.

"ఇదేంది సార్, జల్లెడకి వైరు తగిలిచ్చారు?" అంది హలీమా. అప్పటినుంచి ఒకటి డబ్బా, ఇంకోటి జల్లెడ అయి కూర్చున్నాయి.

ముందు కోటేశ్వరరావే పరీక్ష చేశాడు. వెనకవైపు, పత్తి గోడౌను వైపున్న తన ఏసీ గదిలోకి పోయి, ఏదో సినిమా పాట పెట్టుకుని, పాట సగం కాకముందే బయటికొచ్చాడు.

"డబ్బానే బాగుంది. డప్పు కొడితే గుండెలో అదురుతంది. జల్లెడలో పాటంతా బయటికి పోతంది, పక్కనోళ్ళు గూడా ఇనొచ్చు," అన్నాడు. ఆయన ఇంతకుముందు పత్తి వ్యాపారం చేసినవాడు. దూది వేళ్ళతో నలిపి రకం చెప్పినట్టు, లోకంలో దేన్నైనా ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. అట్లాగని అన్యాయస్తుడు కాదు. కనీసం కాదని ఆయన నమ్మకం. "అయినా పెట్టుకునేది మీరు గదా, మీరే చెప్పాల. నిస్సీ, నువ్వు రామ్మా. నీ చెవులు ఖాళీగా ఉంటయ్."

నిస్సీది నాదెండ్ల దగ్గర ఒక ఊరు. వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. మెడా, చెవులూ, చేతులూ దేవుడు ఎట్లా ఇచ్చాడో అట్లాగే ఉంచుకుంటారు. ఆమె వచ్చి డబ్బా పెట్టుకుంది. ఒక రైతు ఫోను విన్నది. రోడ్డు మీద ఆటోల హారన్లు, కింద టీకొట్టువాడి కేకలు ఒక్కసారిగా ఆగిపోయాయి. రైతు గొంతు తల లోపల మాట్లాడుతున్నట్టు దగ్గరగా వినిపించింది. ఇంకో రెండు ఫోన్లు విని, తీసి, "బాగుంది సార్" అంది. ఉన్నమాటే చెప్పింది.

"ఇన్నారు గదా!" అన్నాడు కోటేశ్వరరావు హాలు మొత్తానికి. "శనివారం సాయంత్రం నాలుగింటికి హైదరాబాదు నుంచి మేడం ఫోన్ చేస్తది. ఏ మోడల్ కావాలో చెప్తే అందరికీ అదే పంపుతారు. టెస్ట్ చేసినోళ్ళ పేరు గూడా రాసుకుంటారంట. కొత్తవొచ్చినాక ఒకటే రూలు. కమ్మలు తీసి కూర్చోవాల. పాతవాటి మెత్తలు చింపింది మీ కమ్మలే, ఇంకెవరో కాదు."

"కమ్మలతో పెట్టుకుంటే ఇది నొక్కుద్దేమో సార్," అంది హలీమా.

"అందుకేగా తియ్యమనేది! నిస్సీకి బాగుందంటే మీకెందుకు బాగుండదు? కంపెనీవాడు చెవికొక రకం చేస్తాడా?"

మూల సీటులో ఉన్న దేవిక అప్పటిదాకా ఒక్కమాటా మాట్లాడలేదు. అందరికంటే పెద్దది, అందరికంటే ముందు చేరింది. ఎంత నసిగే రైతు మాటైనా ఆమెకు తెలిసిపోతుంది. ఎర్రరాళ్ళ కమ్మలు, పాతకాలపు మోస్తరువి, ఆమె చెవులను కొంచెం కిందికి లాగుతూ ఉంటాయి.

"అయితే నేను మానేస్తా సార్," అంది దేవిక.

అరిచి చెప్పలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది. కోటేశ్వరరావు నవ్వాడు.

"కమ్మలు తియ్యటానికి పని మానేస్తారా ఎవురన్నా?"

"మా ఆయన లారీ మీద ఉంటాడు సార్. పిడుగురాళ్ళ నుంచి సున్నమేసుకోని ఎక్కడెక్కడికో పోతాడు. ఆయన రోడ్డు మీదున్నంతసేపు నేను చెవులు బోసిగా ఉంచను. అది నాకు పడదు. బోసి చెవులతో మా ఈదిలో బస్సు దిగితే, ఆయనకేమన్నా అయిందా అని ఒకళ్ళు, కమ్మలు బ్యాంకులో పెట్టారా అని ఒకళ్ళు. ఎవురికని చెప్పను?"

"ఆఫీసులో తీసి పోయేటప్పుడు పెట్టుకో."

"ఇది పాత శీల. తీసి పెట్టాలంటే చెవి తెగుద్ది." దేవిక మళ్ళీ హెడ్‌ఫోన్ తలకు తగిలించుకుంది. "శనివారం దాకా వస్తా సార్. తరవాత మీ ఇష్టం."

నిస్సీ తన సీట్లో కూర్చుంది గానీ, ఆ తరువాత విన్న రైతు ఏ ఊరివాడో ఆమెకు ఎక్కలేదు. బాగుంది అన్న తన ఒక్కమాటతో ఒకామె పని పోతోంది. ఆ మాట అబద్ధమైనా బాగుండేది, దిద్దుకునే వీలుండేది.

*

మరునాడు మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు నిస్సీ తన టిఫిన్ డబ్బా తీసుకుని దేవిక పక్కన చేరింది.

"అక్కా, నీ చెవి ఒకసారి చూపీ."

"నా చెవిలో ఏముందే చూట్టానికి?" అంటూనే దేవిక జడ పక్కకు తోసి తల వంచింది. చెవి వెనక, కమ్మ శీల ఉండేచోట, తోలు నల్లగా గట్టిపడి, మధ్యలో ఎర్రగా చితికి ఉంది. ఇన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చున్నా నిస్సీ అది ఎప్పుడూ చూడలేదు. జుట్టు కప్పేస్తుంది. పైగా తనకు లేని నొప్పి పక్కవాళ్ళకు ఉంటుందని ఎవరికి తోస్తుంది?

"పాతదానికే ఇట్టా ఉంది. అది కాస్త వదులై, బిగింపు తగ్గింది కాబట్టి నెట్టుకొస్తన్నా," అంది దేవిక. "నువ్వు బాగుందన్న డబ్బా నిన్న సాయంత్రం పెట్టుకోని చూశాలే. దాని గిన్నె చిన్నది. కమ్మని కూడా కలిపి చెవినంతా తలకేసి నొక్కుద్ది. శీల పోయి ఎముకకి తగులుద్ది."

"మరి నిన్నే చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏమంటాడు? కమ్మలు తియ్యమనేగా!" దేవిక పెరుగన్నంలో మిరపకాయ కొరికింది. "నీ తప్పేముందిలే. తిను, చల్లారిపోతంది."

నిస్సీ అన్నం ముగించి తిన్నగా కోటేశ్వరరావు గదికి వెళ్ళింది. జల్లెడను ఒక్క పాటకే తేల్చేయడం కుదరదనీ, రెండు రోజులు దానితో పని చేసి చూస్తాననీ అడిగింది. "నీ ఇష్టం. శనివారం లోపల తిప్పలు పడు," అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తకుండానే.

జల్లెడ పెట్టుకోగానే నిస్సీకి మొదట అనుమానమే వచ్చింది, అసలు పెట్టుకున్నానా లేదా అని. బరువు నడినెత్తి మీద పరుచుకుంది. చెవిని ఎక్కడా తాకకుండా చుట్టూ ఆనింది. ఫ్యాను గాలి జాలీలోంచి సన్నగా లోపలికి వస్తోంది. రైతు గొంతు డబ్బాలో లాగా తల లోపల కాకుండా, ఎదురు మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. అతని వెనక మోటారు ఒకవైపు ఆడుతోంది, ఇంకోవైపు ఎవరో పిల్లను కసురుతున్నారు. ఏ చప్పుడు ఎక్కడిదో విడివిడిగా తెలుస్తోంది. చర్చిలో పాటలు పాడేవాళ్ళతో నిలబడే మనిషి కాబట్టి, గొంతుల్ని విడదీసి వినడం నిస్సీకి అలవాటే. డప్పు మోత మాత్రం దీంట్లో పలచనే, ఆ ముక్క కోటేశ్వరరావు చెప్పింది నిజం. అయితే రైతులు డప్పు కొట్టి ఫోన్లు చేయరు గదా.

దేవిక కూడా పెట్టుకుని చూసింది. పెద్ద గిన్నె. కమ్మ లోపలే ఊరికే వేలాడింది. ఆమె కళ్ళు మూసుకుని ఒక ఫోను మొత్తం విని, మెల్లగా తీసి, బొచ్చుగుడ్డను వేలితో ఒకసారి రాసి నిస్సీ చేతికిచ్చింది.

కానీ మధ్యాహ్నం కోర్టు మళ్ళీ మొదలయ్యేసరికి జల్లెడ అసలు గుణం బయటపడింది. గాలి వచ్చే దారిలోనే రోడ్డు కూడా వచ్చింది. బస్సులు, ఆటోలు, అమ్మేవాళ్ళ మైకులు అన్నీ రైతు మాటల్లో కలిసిపోయాయి. గొంతు తగ్గించి మాట్లాడిన ఒక ముసలాయన ఫోను నిస్సీ పదేపదే వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. సౌండు పెంచితే పక్కనున్న హలీమా, "నీ రైతు నా రైతుతో పోట్లాడతన్నాడే!" అని కసిరింది. సాయంత్రానికి నిస్సీ టైపు చేసినదాంట్లో తప్పులు దొర్లాయి. ఈ సంగతి దాచి జల్లెడే బాగుందని చెప్పేయొచ్చు. అట్లా చెబితే, తప్పులు పెరిగాయని కంపెనీవాళ్ళు అసలు పనే ఎత్తుకుపోతారు, అప్పుడు దేవికే కాదు, అందరూ ఇంటికే. ఒకసారి సగం చూసి చెప్పినదానికే ఇంత అయింది. ఈసారి మొత్తం చూసే చెప్పాలని నిస్సీ గట్టిగా అనుకుంది.

గురువారం కోటేశ్వరరావు ఏదో పని మీద కోర్టుకు పోయినప్పుడు ఆమె జల్లెడా, ల్యాప్‌టాపూ పట్టుకుని ఆయన గదిలోకి దూరింది. అక్కడ రోడ్డు లేదు. కిటికీ అవతల గోడౌను గోడ, దాని మీద పావురాలు, అంతే. ముసలాయన ఫోను మళ్ళీ పెట్టుకుంది. సౌండు సగానికి తగ్గించినా ప్రతి మాటా తెలిసింది. ఆయన దగ్గి, ఊపిరి తీసుకుని, మిరపతోట గురించి కాదు, పోయిన ఎద్దు గురించి చెబుతున్నాడని కూడా తెలిసింది.

కోటేశ్వరరావు తిరిగొచ్చేసరికి ఆమె ఆయన కుర్చీలోనే ఉంది. లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెవులకు జల్లెడే మంచిది. హాల్లో మాత్రం పనికి రాదు, ఈ గదిలో అయితే ఒక్క తప్పూ రాదు.

"అంటే? నా గది మీకిచ్చి నేను రోడ్డు మీద కూర్చోవాలా?"

"హాల్లో కూర్చోవాల సార్. మీకు ఇనే పని లేదుగా."

కోటేశ్వరరావు ఆమెను ఎగాదిగా చూశాడు. "మంగళవారం డబ్బా బాగుందన్నావు. గురువారానికి నా గది కావాలంటన్నావు. చూడమ్మా, కమ్మలున్నోళ్ళు చెప్తే వాళ్ళ బాధ వాళ్ళు చెప్పుకుంటన్నారని అంటాను. నీకు కమ్మల్లేవు, నీకు ఏ పేచీ లేదు. అందుకే నిన్ను పిలిచా. నీకు డబ్బా నొప్పి చేసిందా?"

"లేదు సార్."

"అదీ! నీ చెవులే లెక్క. మిగతావోళ్ళు నీ మాదిరిగా ఉంటే సరిపోయె."

నిస్సీకి ఒళ్ళు మండింది. తన చెవులు బోసిగా ఉండడం తన నమ్మకం. దాన్ని తీసి ఇంకొకళ్ళ నెత్తిన కొట్టడానికి కర్రగా వాడుకుంటున్నాడు ఈయన. సాయంత్రం ఆమె బస్టాండుకు పోకుండా మల్లమ్మ సెంటర్ వైపు నడిచింది. ఒక ఫ్యాన్సీ షాపులో, దేవిక కమ్మలంత వెడల్పున్న గిల్టు కమ్మలు, వెనక మర శీల ఉన్నవి కొన్నది. కొట్టు అతను అద్దం చూపిస్తే, "అద్దం ఎందుకులే, శీల గట్టిగా ఉందా లేదా అదొక్కటి చెప్పు," అంది.

*

నిస్సీ చెవులకు బెజ్జాలు లేకపోలేదు. పసిపిల్లగా ఉన్నప్పుడు నాయనమ్మ కుట్టించినవి, సగం పూడిపోయి సూదిమొనంత మిగిలాయి. శుక్రవారం పొద్దున పని మొదలవకముందు హలీమా కొబ్బరినూనె రాసి, వేపపుల్ల చెక్కి, ఓపిగ్గా తిప్పుతూ తిప్పుతూ ఆ బెజ్జాలు తెరిచింది. నిస్సీ కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"మీ నాన్న సంఘ పెద్ద గదే. తెలిస్తే ఊరుకుంటాడా?" అంది దేవిక. "నా కోసం నువ్వెందుకు ఈ కర్మ తలకెత్తుకుంటావు? తియ్, తియ్."

"నీ కోసం కాదక్కా. బాగుందని చెప్పింది నేను. అది ఎంతవరకు బాగుందో నేనే చూడాల."

డబ్బా పెట్టుకుంది. మొదట్లో ఏమీ అనిపించలేదు, చల్లటి ఇనుము తగిలినట్టు అంతే. ఇంతేనా అనుకుంది కూడా. రైతుల ఫోన్లు ఒకటొకటే వింటూ పోతుంటే చెవి వెనక శీల ఉన్నచోట ముందు దురద, తరువాత మంట మొదలయ్యాయి. కమ్మ ముందువైపు బిళ్ళ చెంపకు ఒత్తుకుపోయింది. చెమట దిగి మండింది. ఒకవైపు బరువు తగ్గుతుందని తల వాలిస్తే రెండోవైపు గుచ్చుకుంది. భోజనాల వేళకు నములుతుంటే దవడ కదిలినప్పుడల్లా చెవి లాగింది. మధ్యాహ్నం మళ్ళీ పెట్టుకునేటప్పుడు చేతులు వాటంతట అవే వెనక్కి పోయాయి. అయినా పెట్టుకుంది. దేవిక ఇన్నేళ్ళూ ఇట్లాగే కూర్చుని, అందరికంటే తక్కువ తప్పులతో పని చేసిందని తలుచుకుంటే నిస్సీకి సిగ్గేసింది.

సాయంత్రం కమ్మలు తీయబోతే రాలేదు. తమ్మెలు ఉబ్బి శీలను మింగేశాయి. హలీమా తిప్పబోతే నిస్సీ కెవ్వుమంది. బస్సు దాటిపోతుంది. చున్నీ తలమీదికి లాక్కుని అట్లాగే బయలుదేరింది. బస్సులో గాలికి చున్నీ జారింది. ముందు సీట్లో వాళ్ళ సంఘానికే చెందిన గ్రేసమ్మ వెనక్కి తిరిగి, చూసి, మళ్ళీ చూసి, ఊరు వచ్చేదాకా కిటికీ బయటికే మొహం పెట్టుకుని కూర్చుంది.

తండ్రి జయరాజు పొలం నుంచి వచ్చి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. కూతురు చున్నీ తీసేసి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏందమ్మా అయి?"

"కమ్మలు నాన్నా. నేనే కొనుక్కున్నా."

"సింగారానికా?"

"కాదు." మంగళవారం నుంచి జరిగినదంతా చెప్పింది. ఏడవకుండా, ఒక్కటీ దాచకుండా చెప్పింది. "నా మాట మీద ఒకామె పని పోతంది నాన్నా. ఆమె నొప్పేందో నేను పెట్టుకుంటేగాని నాకు తెలవలా."

జయరాజు చాలాసేపు నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు. కాళ్ళు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"నువ్వు సింగారించుకున్నావని నేననను. కానీ గ్రేసమ్మ చూసింది, ఈపాటికి నలుగురికీ చెప్పుంటది. పోయినేడు స్టీఫెన్ కూతురు కమ్మలు పెట్టుకుంటే పాటలోళ్ళలోనుంచి పక్కన నిలబెట్టింది నేనే. నా కూతురికొక రూలు, ఆయన కూతురికొక రూలు పెట్టలేనమ్మా. ఈ ఆదివారం పాటలోళ్ళతో నిలబడొద్దు."

"ఈ ఒక్క ఆదివారమేనా?"

"పెద్దలు కూర్చోని చెప్తారు."

ఆ ఆదివారం మొదటి చరణం ఆమె ఒక్కతే పాడాల్సింది. నెల నుంచీ సాధన చేస్తోంది. అయినా "సరే నాన్నా" అంది. బతిమాలలేదు.

జయరాజు లోపలికి పోయి నూనె గిన్నె తెచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి, పార పట్టి మొద్దుబారిన వేళ్ళతో చెవికి నూనె అద్ది, శీలను గింజంత గింజంత తిప్పుతూ ఓపిగ్గా తీశాడు. రెండూ ఆమె అరచేతిలో పెట్టాడు.

"రేపు మళ్ళీ పెట్టుకుంటావా?"

"అవసరమైతే పెట్టుకుంటా."

ఆయన గిన్నె మూత పెట్టి లేచి వెళ్ళాడు.

*

శనివారం మధ్యాహ్నం నిస్సీ కోటేశ్వరరావు ముందు నిలబడి జుట్టు పక్కకు తీసి చూపించింది. రెండు తమ్మెలూ ఎర్రగా బొప్పి కట్టి ఉన్నాయి.

"నాకు నొప్పి చేసిందా అని అడిగారుగా సార్. చేసింది. ఈ హాల్లో డబ్బా బాగుందనేవాళ్ళు ఇంక ఎవురూ లేరు. నాలుగింటికి మేడం ఫోన్ చేస్తే నేను ఇదే చెప్తా."

కోటేశ్వరరావు మొహం ఎర్రబడింది. "నిన్నగాక మొన్న తెరిచిన బెజ్జం వాయక ఏమవుద్ది? అయినా ఆడోళ్ళయి సుకుమారం చెవులు. కాస్త ఓర్చుకుంటే అదే అలవాటయిద్ది."

"మీ చెవులకీ బెజ్జాలున్నయ్ గదా సార్," అంది హలీమా, టైపు చేస్తూనే.

హాలంతా ఆయన చెవులకేసి చూసింది. నిజమే. కోటప్పకొండలో పుట్టువెంట్రుకలు తీసినప్పుడు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించిన బెజ్జాలు, స్పష్టంగా ఉన్నాయి.

పల్నాడులో మగవాణ్ణి దేనికైనా ఒప్పించాలంటే వాదించకూడదు, నీ వల్ల కాదని ఒక్కమాట అంటే చాలు. ఇక్కడ ఆ మాట కూడా ఎవరూ అనలేదు. ఊరికే చూశారు. అదే ఎక్కువైంది ఆయనకు.

"మా తాత చచ్చిందాకా చెవులకి పోగులతోనే అరక దున్నాడు. నేనొక పూట ఓర్చుకోలేనా? ఇట్టా తే అయ్యి!" అన్నాడు కోటేశ్వరరావు. "నాలుగింటిదాకా పెట్టుకుంటా. నాకేమీ కాకపోతే డబ్బానే వస్తది, కమ్మలు తీసేదే రూలు. మళ్ళీ ఎవురూ నోరెత్తగూడదు. ఒప్పుకుంటన్నావా?"

"ఒప్పుకుంటన్నా సార్," అనేసింది నిస్సీ.

హలీమా నూనె రాసి గిల్టు కమ్మలు పెట్టింది. ఆయన దేవిక సీట్లో కూర్చుని, డబ్బా తగిలించుకుని, మీసం దువ్వి, మొదటి ఫోను పెట్టుకున్నాడు. నవ్వాలని ఉన్నా ఎవరూ నవ్వలేదు. దేవిక నిస్సీ చెయ్యి పట్టుకుని గోడ వారకు లాగింది.

"ఎంత పని చేశావే! ఆయన మొండిఘటం. చెవి తెగి కిందపడ్డా తియ్యడు. ఆయనకి నొప్పి పుట్టటం కాదు, పుట్టిందని ఒప్పుకోటం గదా మనకి కావాల్సింది!"

అవును. మగవాడి పౌరుషం మీద దేవిక బతుకును పందెం కాసింది తను. సలహా అడగకుండా, ఆలోచించకుండా, మంగళవారం బాగుంది అన్నంత తేలిగ్గా ఒప్పుకుంటున్నా అనేసింది.

దేవిక అన్నట్టే అయింది. కోటేశ్వరరావు కదల్లేదు. ముందు రైతులతో పాటు తనూ ఏదో గొణిగాడు. తరువాత గొణగడం మానేశాడు. చెయ్యి చెవి దాకా పోయి, ఎవరో చూస్తున్నారని తెలిసి మీసం మీదికి మళ్ళింది. మెడ మీద చెమట కాలువ కట్టింది. హలీమా మజ్జిగ తెచ్చి బల్ల మీద పెడితే తల కూడా తిప్పలేదు, తిప్పలేకపోయాడో ఏమో. టైపు చేస్తూనే ఉన్నాడు. నాలుగవుతుండగా డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు, కమ్మలు తనే ఊడబీక్కుని పక్కన పడేశాడు. చెవులు పండిన మిరపకాయల రంగులో ఉన్నాయి. మొహం మాత్రం రాయి.

"ఏం కాలా. చూశారుగా!" అన్నాడు. "మాటంటే మాటే."

దేవిక తన సీటు దగ్గరికి వెళ్ళి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా సంచిలో సర్దుకుంది. కుర్చీ వెనక ఆరేసుకున్న తుండుగుడ్డ మడతపెట్టింది. నిస్సీ ఆమె దగ్గరకు పోలేకపోయింది. ఏ మొహంతో పోతుంది?

ఫోను మోగింది. కోటేశ్వరరావు హుందాగా తీసి కుడిచెవికి పెట్టుకున్నాడు.

"హలో... అమ్మా!"

ఫోను చెవి నుంచి జారి, పడబోయి, చేతిలో చిక్కింది. ఎడమచెవికి మార్చాడు. తగలనివ్వకుండా కొంచెం దూరంగా పట్టుకుంటే అవతలి మాట వినపడలేదు. దగ్గరికి తెస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక్క నిమిషం మేడం" అని మళ్ళీ కుడివైపుకు తెచ్చి, పెట్టబోయి ఆగిపోయాడు. హాలంతా చూస్తోంది. చివరికి ఫోనును బల్ల మీద పడుకోబెట్టి, స్పీకరు నొక్కాడు.

"వినపడుతోందా సార్?" అవతలి గొంతు హాలంతా పలికింది. "ఏ మోడల్ ఖాయం చేశారు?"

కోటేశ్వరరావు డబ్బాకేసి చూశాడు. దానికేసి చూస్తూనే చెయ్యి ఎత్తి చెవి తమ్మెను మెల్లగా, పసిబిడ్డను తాకినట్టు, తాకాడు. దేవిక సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు నడుస్తోంది. ఆమె చెవుల వెనక్కి ఆయన చూపు పోయింది. ఇన్నేళ్ళలో ఆయన అటువైపు చూడడం బహుశా అదే మొదటిసారి.

"సార్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా. ఆ రెండోది. వెనక జల్లెడ మాదిరిగా ఉంటది చూడండి, అది పంపండి."

మెట్ల దగ్గర దేవిక ఆగింది.

"అది ఓపెన్ రకం కదండీ. మీ హాలు రోడ్డు మీదే అన్నారు. సౌండు కలిసి తప్పులు వస్తే కష్టం."

"వెనక గది ఉందిలేమ్మా, రోడ్డు ఇనపడదు. అందులో కూర్చుంటారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు ఈ హాలు చాలు."

"సరే సార్. టెస్ట్ చేసింది ఎవరు? పేరు రాసుకోవాలి."

"నేనే," అన్నాడు కోటేశ్వరరావు.

నిస్సీకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. రేపు చర్చిలో పాటకు లేచి నిలబడేవాళ్ళలో తను ఉండదు, ఇక్కడ పేరు కూడా తనది కాదు. పోనీలే, పని జరిగింది, అదే చాలు అని మనసుకు సర్ది చెప్పుకుంటూ ఉంది. అప్పుడు మెట్ల దగ్గర నుంచి దేవిక గొంతు వచ్చింది. రోడ్డు అవతలికి వినపడేటట్టు వచ్చింది.

"ముందు చేసింది నిస్సీ అండీ! నిస్సీ అని రాసుకోండి. చెవులు వాచిందాకా చేసింది."

కోటేశ్వరరావు ఫోను కేసి చెయ్యి చాపాడు గానీ, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరు సార్ అది మాట్లాడేది?"

కోటేశ్వరరావు దేవికకేసి చూశాడు, ఆమె భుజం మీది సంచికేసి చూశాడు.

"దేవికమ్మ అని, మా సీనియర్ అమ్మా. ఆమె చెప్పినట్టే రాసుకోండి," అన్నాడు. కాస్త ఆగి, స్పీకరుకు కాకుండా మెట్ల వైపుకే చెప్పాడు. "ఇక్కడే ఉంటది. ఎక్కడికీ పోదు."

దేవిక వెనక్కి వచ్చి, సంచి కుర్చీకి తగిలించి, తన సీట్లో కూర్చుంది.